యుద్ధస్మారకములు – స్త్రీలు : కృష్ణా–మూసీ సంగమప్రాంత పరిశీలనము

నల్లగొండ జిల్లాకు దక్షిణపుటంచున, మిర్యాలగూడ నుండి గుంటూరునకు పోవు రాజమార్గముమీద, దామరచర్ల యను గ్రామము కలదు. నేడిది మండలకేంద్రము. ఇచ్చటికి అనతిదూరమున, వాడపల్లికడ, మూసీనది కృష్ణలో కలియుచున్నది. సంగమస్థానమున అగస్త్యేశ్వరాలయమును లక్ష్మీనృసింహాలయమును గలవు. వంతెన దాటి ఆవలిగట్టున అడుగిడినచో పొందుగల గ్రామము, అనగా పలనాటిసీమ. నదివెంబడి ఎగువకు పోయినచో ఇక్ష్వాకుల విజయపురి వర్ధిల్లిన నాగార్జునకొండ లోయ. ఉత్తరమున సూర్యాపేట, ఈశాన్యమున కోదాడ.

ఈ ప్రాంతము యుద్ధములకు క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దమున పలనాటిపోరు ఆవలిగట్టున జరిగినది. పదుమూడవ శతాబ్దాంతమున కాకతీయసైన్యము కాయస్థ అంబదేవునితో తలపడినది. 1946 మొదలు 1951 వఱకు తెలంగాణ రైతాంగ సాయుధపోరాటమునకు ఈ జిల్లాయే ముఖ్యరంగమైనది. ప్రతి పోరును తన వెనుక ఏదో యొక రాతిని విడిచిపోయినది. ఆ రాళ్లయందు స్త్రీలకు దక్కిన చోటెట్టిది? ఈ వ్యాసమున విచారింపదలచిన దిదియే. నా అభిప్రాయమును మొదటనే మనవిచేయుదును. మన స్మారకశిలలు మరణమునకు లెక్క వ్రాయునవి. స్త్రీలు యుద్ధములందు చేసిన పని అధికభాగము మరణముతో ముగియనిది. కావుననే ఆ పని రాతికెక్కలేదు.

ప్రాచీనకాలమునుండి ప్రారంభింతము. నాగార్జునకొండయందు 1954 నుండి 1960 వఱకు జరిగిన త్రవ్వకములలోను, అంతకుముందును బయల్పడిన ఛాయాస్తంభములు మనదేశమున లభించిన పురాతన స్మారకశిలలలో మిక్కిలి ముఖ్యమైనవి. రాజులకే కాక సేనానులకును, సామాన్యయోధులకును గూడ వీనిని నిలిపిరి. ఇక్ష్వాకురాజ్యస్థాపకుడైన శాంతమూలుని ఛాయాస్తంభము ఆతని కుమారుడగు వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షమున నెలకొన్నది. దానిని నిలిపినవారు ఆ రాజుయొక్క తల్లి, తోబుట్టువులు, రాణులు మున్నగు స్త్రీలు. ఇది గమనింపదగిన విషయము. తెలుగునేలపై మనకు తెలిసిన తొలి స్మారకశిలలలో ఒకదానిని నిలిపినది స్త్రీలే. చచ్చినవారిని తలచుకొను బాధ్యత వారిది; తలపబడు గౌరవము వేఱొకరిది. ఆ విభాగము తరువాతి పదునేడు శతాబ్దములలోను అంతగా మాఱలేదని ముందు చూడగలము.

మధ్యయుగమునందలి వీరగల్లులను, సతికల్లులను చూడుడు. వీరగల్లు సాధారణముగా అంతస్తులుగా విభక్తమై యుండును. క్రింది భాగమున పోరాటము, నడుమ వీరుని స్వర్గయానము, పైని కైలాసమో వైకుంఠమో. ఈ నడుమ అంతస్తునందే స్త్రీరూపములు కానవచ్చును; కాని వారు మన యూరి స్త్రీలు కారు, వీరుని చెఱియొక ప్రక్కను పట్టుకొని గొనిపోవు అప్సరసలు. ఇక సతికల్లున నున్నది మానవస్త్రీయే. ఐనను అనేక శిలలయందు ఆమె పూర్ణరూపము లేదు. మోచేయి వంచి పైకెత్తిన ఒంటిచేయి, ఆ చేతికి గాజులు, పైని సూర్యచంద్రులు. ఇంతియే. గాజులు చెక్కుట ఏల? వితంతువు కాక, ముత్తైదువగనే పోయినదని చెప్పుటకు. ఆ చేయి అంతకుముందు యుద్ధకాలమున ఏమి చేసెనో, ఊరిని ముట్టడించినపుడు ధాన్యమెక్కడ దాచెనో, గాయపడినవాని కట్టు ఎట్లు కట్టెనో ఆ రాయి చెప్పదు. ఆమె జీవితమునందలి ఒకే యొక గడియను, అదియు తుదిగడియను, శిల్పి గ్రహించినాడు. అట్లు పోయిన స్త్రీలను మన పల్లెలలో పేరంటాలని కొలుతురు. పసుపు కుంకుమలు అర్పింతురు. పేరంటాలుగా మాఱిన తరువాత తఱచుగా ఆమె సొంతపేరు మఱుగుపడుచున్నది.

సహగమనమును యుద్ధసేవగా ఎంచి ఈ రాళ్లనే ‘స్త్రీల యుద్ధస్మారకము’లని వ్యవహరించువారు కలరు. ఈ మాటను నేనంగీకరింపజాలను. అవి యుద్ధమునందలి మరణమునకు అనుబంధములు మాత్రమే. భర్త వీరుడు కాకున్నచో ఆ సతికల్లు అచ్చట లేదు.

పలనాటికథ ఇంకను విచిత్రమైనది. కారంపూడిలో ఏటేట కార్తికమాసమున అయిదుదినములు వీరారాధనోత్సవములు జరుగుచున్నవి. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని వానికి పేళ్లు. వీరుల ఆయుధములగు కొణతములను వారి వంశీయులు తెచ్చి నాగులేటియందు స్నానము చేయించి పూజింతురు. ఆ యుద్ధకథయందు స్త్రీలు తక్కువవారు కారు. నలగామరాజునకు మంత్రిణియై రాజ్యతంత్రమును నడపిన నాయకురాలు నాగమ్మ ఒకతె. భర్తయగు బాలచంద్రుని రణమునకు సాగనంపిన మాంచాల మఱియొకతె. ఇల్లాలిగా మాంచాలకు కథ గౌరవమిచ్చినది. మంత్రాంగము నడపిన నాగమ్మకు మాత్రము యుద్ధకారణమను అపకీర్తి నంటగట్టినది. బ్రహ్మనాయుడును మంత్రియే; ఆతడును పంతము పట్టినవాడే; ఆతనికి విష్ణ్వంశము, ఈమెకు కుయుక్తి! వీరగాథను పాడినవారు ఏ పక్షమువారో ఎఱిగినవారికి ఇందులో ఆశ్చర్యము లేదు. కత్తికి పూజ కలదు. కంటికి కానరాని మంత్రాంగమునకు కొణతము లేదు.

ఇక ఈ జిల్లాయందే ఉన్న ఒక రాతిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. నకిరేకల్లు మండలమునందలి చందుపట్ల గ్రామమున ఒక శాసనము కలదు. అది శకవర్షము 1211, విరోధి సంవత్సర మార్గశిర శుద్ధ ద్వాదశి నాటిది. క్రీస్తుశకము 1289 నవంబరు 27కు సరిపోవును. పువ్వుల ముమ్మడి యనునతడు, శివలోకమునకేగిన కాకతీయ రుద్రమదేవికిని, ఆమె సేనాధిపతియగు మల్లికార్జుననాయకునకును పుణ్యముగా చందుపట్ల సోమనాథదేవునకు భూమిని దానమిచ్చినట్లు దానియందున్నది. రుద్రమదేవి నిర్యాణకాలమును నిర్ణయించుటకు ఈ చిన్నశాసనమే ప్రబలాధారము. కీర్తిశేషులు డాక్టర్ పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు కాకతీయుల చరిత్రను వ్రాయుచు దీని ప్రాముఖ్యమును విశదపఱచిరి.

రాణియు సేనానియు ఒకేసారి శివలోకమునకేగుట కాకతాళీయము కాదని, వారిరువురును యుద్ధమునందే మరణించి యుందురని చరిత్రకారుల ఊహ. దీనికి మఱియొక ప్రక్కనుండి బలము చేకూరుచున్నది. 1290 నాటి త్రిపురాంతక శాసనమున అంబదేవుడు తన విజయములను ఏకరువుపెట్టుచు, మల్లికార్జునపతిని సప్తాంగవిహీనునిగా జేసితినని చెప్పికొనినాడు. రాజ్యాంగములు ఏడింటిలో స్వామి, అనగా ప్రభువు, మొదటిది. కనుక ప్రభువు మరణము ఆ మాటలో ఇమిడియున్నదని పండితులు భావించిరి. కాని అచ్చట పేరుగొనబడినవాడు సేనాని. ఇరువదియేడేండ్లకు తక్కువ కాకుండ రాజ్యమేలి, తండ్రి గణపతిదేవుడు పెట్టిన రుద్రదేవుడను పురుషనామముతో శాసనములకెక్కి, వార్ధక్యమున గూడ యుద్ధభూమికి తరలినట్లు తోచుచున్న ఆ రాణిని, గెలిచినవాడు తన గెలుపుపట్టికలో సూటిగా చెప్పలేదు. స్త్రీని గెలుచుట తనకు ఘనత కాదనుకొనెనో ఏమో!

ముమ్మడి రాతిని మరల చూతము. అందు యుద్ధవర్ణన లేదు. శత్రువు పేరు లేదు. స్త్రీ యని జాలిగాని, స్త్రీ యైనను శూరురాలని పొగడ్తగాని లేదు. ప్రభువునకును సేనానికిని ఒకే వాక్యమున, ఒకే దానఫలమును ధారవోసినాడు. చక్రవర్తులు వేయించిన శాసనము కాదిది. చరిత్రలో మఱెక్కడను ప్రసిద్ధి కానరాని యొకడు తనకున్న నేలలో కొంత విడిచి వేయించిన రాయి. తెలంగాణమున, యుద్ధమున మడిసిన స్త్రీకి ఆమె స్వీయాధికారముననే నిలిపిన స్మారకమని చెప్పదగినది నాకు తెలిసినంతలో దీనికి మించినది లేదు. తరువాతికాలమున హైదరాబాదునందు ట్యాంకుబండుమీద నిలిపిన రుద్రమ కాంస్యవిగ్రహమును నిత్యము వేలమంది చూతురు. చందుపట్ల రాతిని చూచువారు కొలదిమంది. ఐనను ప్రమాణమునకు వచ్చునప్పటికి బరువు రెండవదానిదే.

అయితే చందుపట్ల శాసనమును మరణశాసనమే యని మఱువరాదు. రాణి బ్రదికియుండి యుద్ధమును గెలిచి వచ్చియున్నచో ముమ్మడి ఈ రాతిని వేయింపడు. మన మొదటి ప్రశ్న ఇంకను అట్లే యున్నది: చావక, యుద్ధమునందు పనిచేసిన స్త్రీలమాట యేమి?

ఈ ప్రశ్నకు సమాధానము తెలంగాణ పోరాటచరిత్రమున వెదకవలెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలియైనది మొదలు, 1951 అక్టోబరు 21న పోరాటవిరమణ ప్రకటింపబడువఱకు జరిగిన ఈ పోరు ముందు దేశముఖులమీద, నిజాము పాలనమీద, రజాకార్లమీద సాగి, 1948 సెప్టెంబరు పోలీసుచర్య తరువాత భారతసైన్యముతోడను సాగినది. ఈ చివరిఘట్టముయొక్క ఔచిత్యమును గూర్చి అభిప్రాయభేదములు నాడును గలవు, నేడును గలవు. ఆ వాదములోనికి నేను దిగను. పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ గ్రంథమున ఈ పోరాటమున 4000 మంది కమ్యూనిస్టులును రైతుయోధులును హతులైరని లెక్కచెప్పిరి. కడవెండి మొదలుగా నెన్నియో గ్రామములందు అమరవీరుల స్తూపములు లేచినవి. 1948 ఆగష్టు 27న రజాకార్ల దాడికి గురియైన బైరాన్‌పల్లిలో నాటి కోటబురుజు నేటికిని నిలిచియున్నది. స్తూపమెక్కడ చూచినను పద్ధతి యొక్కటే: ఎఱ్ఱరంగు పూసిన కంబము, దానిపై మృతుల పేళ్లు. అది వీరగల్లునకు వారసురాలు. మృతులలో స్త్రీలు లేకపోలేదు. కాని వారి సంఖ్య స్వల్పము. కనుక స్తూపమునుబట్టి చరిత్ర వ్రాయువాడు స్త్రీల పాలును స్వల్పమనియే వ్రాయును. అది పొరపాటు.

దళములు అడవులందును గుట్టలందును తిరుగాడినవి. వారికి అన్నమెవరు వండిరి? రాత్రి రెండవజాముననో మూడవజాముననో పదిమంది తలుపుతట్టినపుడు, పొయ్యివెలుగు పొరుగింటికి కనబడకుండ జొన్నరొట్టెలు కాల్చినదెవరు? గడ్డిమోపులలోను కూరగాయల గంపలలోను చీటీలను, తూటాలను దాటించినదెవరు? గాయపడినవానిని గాదెవెనుక దాచి, పోలీసులు వచ్చి ఇల్లు సోదాచేయునపుడు చంటిబిడ్డను గిల్లి ఏడిపించి దృష్టి మరలించినదెవరు? గూండాలు వచ్చినపుడు కారముపొడి, రోకలిబండలు, వడిసెలరాళ్లు పట్టిన చేతులెవరివి? ఈ పనులకు ‘సహాయము’ అని పేరు పెట్టుట చరిత్రకారులకు అలవాటైనది. దళసభ్యునిది పోరాటమును, అతనికి కూడు పెట్టినవారిది సహాయమును ఎట్లగును? పట్టువడినచో ఇరువురకు పడు దెబ్బలు ఒక్కటే. కొన్నిపట్ల స్త్రీకి అంతకంటె దారుణమైన హింసయు జరిగినది. దానిని చెప్పికొనుటకు గూడ ఆమెకు నోరు రాలేదు.

తుపాకి పట్టినవారును గలరు. సూర్యాపేట ప్రాంతపు కర్విరాల కొత్తగూడెమున భూస్వాముల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యముగారు ఇరువదియేండ్లైనను నిండకమునుపే దళమున చేరిరి. రాజక్క యను మాఱుపేరుతో పనిచేసిరి. ఆమె తలకు ప్రభుత్వము 10,000 రూపాయలు వెలగట్టినది. తరువాత 1978, 1983 ఎన్నికలలో తుంగతుర్తి నుండి శాసనసభకు ఎన్నికయి, 2022 మార్చి 19న కీర్తిశేషురాలైరి. ఆరుట్ల కమలాదేవిగారు భర్త రామచంద్రారెడ్డిగారితో సమానముగా పోరాటమున నిలిచి, అనంతరము ఆలేరు ప్రతినిధిగా శాసనసభ నలంకరించిరి. వీరు ప్రసిద్ధులు. ప్రసిద్ధి లేనివారి సంఖ్యయే పెద్దది.

ఆ అప్రసిద్ధులను వెదకి వారిచేతనే వారి కథను చెప్పించిన ఘనత హైదరాబాదునందలి స్త్రీశక్తి సంఘటనకు దక్కవలెను. వారు 1986లో ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ యను గ్రంథమునందు పోరాటమున పాల్గొన్న స్త్రీలు తమ అనుభవములను తమ మాటలలోనే చెప్పిరి. 1989లో అది ఆంగ్లమునను వెలువడినది. అడవిలో కన్న పసికందును దళముయొక్క క్షేమమునకై పరులచేతిలో పెట్టవలసివచ్చిన కమలమ్మ కథ అందున్నది. ఆమె చావలేదు, ఆమె బిడ్డ పేరును ఏ స్తూపము మీదను వ్రాయరు. ఐతే ఆమె ఇచ్చినది ప్రాణముకంటె తక్కువదా? పోరాటము విరమించిన తరువాత ‘ఇక ఇండ్లకు పొండు’ అన్నపుడు, ఏ ఇంటిని కాలదన్ని వచ్చితిమో ఆ యింటికే మరలవలసివచ్చిన క్లేశమును ఆ గ్రంథమున పెక్కుమంది చెప్పిరి. నా దృష్టిలో ఈ గ్రంథమే తెలంగాణ స్త్రీలకు నిలిపిన మొదటి యథార్థస్మారకము. అది రాతితో కాక మాటతో కట్టబడినది. ఇచ్చట ప్రస్తావవశమున మఱియొక విషయము. తెలుగున స్త్రీల చరితములను గ్రంథరూపమున కూర్చినవారిలో ప్రథమగణ్యురాలు, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ కర్త్రియగు భండారు అచ్చమాంబ, కోదాడచెంతనున్న మునగాల సంస్థానపు దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సోదరి. స్త్రీలకు రాయి దొరకనిచోట పుస్తకము దొరకుట ఈ సీమకు పాతవాడుకయే.

స్మారకము లేకున్న నేమి, కీర్తి గాలిలో నుండదా యని కొందఱందురు. అది సరి కాదు. లెక్కకెక్కనివానికి హక్కులును ఉండవు. స్వాతంత్ర్యసమరయోధుల పింఛనుపథకము 1972లో ప్రారంభమై 1980లో విస్తృతమైనది. చెఱసాలయందుండినట్లో అజ్ఞాతవాసమున నుండినట్లో పత్రసాక్ష్యము చూపవలెను. కనీసకారాగారవాసము ఆఱునెలలని నియమించి, స్త్రీలకును షెడ్యూల్డు కులజాతులవారికిని మూడునెలలుగా సడలించిరి. సడలింపు మంచిదే. కాని అన్నము వండినదానికి జైలుపత్ర మెక్కడిది? చీటీ మోసినదాని పేరు ఏ పోలీసుదస్త్రమున నుండును? పట్టువడలేదనుటయే ఆమె నేర్పరితనమునకు నిదర్శనము. ఆ నేర్పే ఆమెకు సాక్ష్యము లేకుండ జేసినది. హైదరాబాదు విమోచనోద్యమమున సరిహద్దు శిబిరములందు పనిచేసినవారికి గూడ తరువాత గుర్తింపు లభించినది. ఆ శిబిరముల జాబితాలలో శిబిరనాయకుల పేళ్లుండును. శిబిరముల కుంపటులముందు కూర్చున్నవారి పేళ్లకై వెదకినచో దొరకుట కష్టము.

ఈ దోషము మనకే పరిమితము కాదు. లండను నగరమున వైట్‌హాల్ వీథియందు మొదటి ప్రపంచయుద్ధమృతుల స్మారకముగా లుట్యెన్సు శిల్పి రూపొందించిన శిలాస్తంభము 1920లో ఆవిష్కృతమైనది. అదే వీథిలో, దానికి చేరువనే, రెండవ ప్రపంచయుద్ధమున పనిచేసిన స్త్రీలకు స్మారకము వెలసినది 2005 జూలై 9న. నడుమ 85 సంవత్సరములు గడచినవి! ఎలిజబెత్ రాణి ఆవిష్కరించిన ఈ కాంస్యస్మారకమును జాన్ మిల్స్ అను శిల్పి నిర్మించెను. ఎత్తు 22 అడుగులు. దానిమీద మనిషిబొమ్మ ఒక్కటియు లేదు. కొక్కెములకు తగిలించిన 17 విధములైన దుస్తులు మాత్రము కలవు: సైనికవిభాగముల కోట్లు, పొలములో పనిచేసినవారి ఉడుపులు, కర్మాగారములందలి పనిబట్టలు మున్నగునవి. యుద్ధము ముగిసినది, బట్టలు విడిచి కొక్కెమునకు తగిలించి స్త్రీలు ఇండ్లకు పోయిరని భావము. అక్షరములను నాటి రేషను పుస్తకములందలి అక్షరములవలె మలచిరి.

ఈ కల్పన యందలి సత్యమును మెచ్చుకొనకుండ నుండలేము. మరణమును కాక పనిని చెక్కిన స్మారకమిది. చనిపోయినవారి లెక్కతో నిమిత్తము లేదు. ఐనను నాకొక శంక. శరీరము లేని బట్టలు, పేరు లేని గౌరవము. సతికల్లుమీది ఒంటిచేతికిని దీనికిని దూరమెంత? అచ్చట గాజులు, ఇచ్చట కోట్లు. పురుషవీరునకు ముఖమునిచ్చి, స్త్రీకి చిహ్నమునిచ్చుట ఖండాంతరములందును అలవాటేమో.

మన చాకలి ఐలమ్మ విగ్రహములు ఈ విషయమున మేలు. ఆమెకు ముఖము కలదు, పేరు కలదు. 1895లో పుట్టి 1985లో గతించిన ఈమె పాలకుర్తిలో కౌలుకు తీసికొని సాగుచేసిన పంటను విసునూరు దేశముఖు అపహరింపబూనగా, సంఘమువారి అండతో ఆ ధాన్యమును తన ఇంటికే చేర్చుకొనినది. ఇల్లు తగులబడినను, కేసులు పైబడినను వెనుదీయలేదు. నేడు తెలంగాణమున ఆమె విగ్రహములు పెక్కుచోట్ల వెలసినవి. 2024లో హైదరాబాదు కోఠియందలి మహిళావిశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. తొంబదియేండ్లు బ్రదికి, పోరాటము ముగిసిన మూడు దశాబ్దములకుపైన సహజమరణము నొందిన స్త్రీకి ఇట్టి గౌరవము దక్కుట మన స్మారకచరిత్రలో క్రొత్తమలుపు. మృత్యువును కాక కృత్యమును లెక్కించిన తొలి సందర్భములలో నిది యొకటి. శిల్పులు మాత్రము ఆమె చేత కర్రనో కొడవలినో పట్టించి కోపముఖమును మలచుటకు ఇష్టపడుచున్నారు. ఆమె చేసిన పనిలో ముఖ్యమైనది ధాన్యపుబస్తాను ఇల్లు చేర్చుట. బస్తాతో నున్న ఐలమ్మను మలచిన శిల్పి ఎవరైన నుండినచో ఆతనికి నా నమస్సులు.

మఱి దామరచర్ల సీమలో స్త్రీలకొక యుద్ధస్మారకము నిలుపవలెనన్నచో దాని రూపమెట్లుండవలెను? విగ్రహము వలదని నా మనవి. వాడపల్లి రేవుచెంత, పలనాటికిని తెలంగాణమునకును నడుమ కృష్ణ ప్రవహించుచోట, పాత దానశాసనముల పద్ధతిలో ఒక రాతిని నిలిపిన చాలును. మన శాసనములకు ఒక సద్గుణము కలదు: అవి సంవత్సరము, మాసము, తిథి చెప్పును; ఇచ్చినవాని పేరు, పుచ్చుకొనినవాని పేరు చెప్పును; ఇచ్చిన వస్తువును కొలతతో సహా చెప్పును; పొలిమేరలను తూర్పునుండి మొదలుపెట్టి వరుసగా చెప్పును. గానుగనూనెను, గుడి దీపమునకిచ్చిన గొఱ్ఱెలను గూడ లెక్కపెట్టిన భాషయది. ఆ భాషలో ఒక స్త్రీ ఏ ఊరిదో, ఏ యేట, ఏ మాసమున, ఎన్ని రాత్రులు, ఎందఱికి అన్నము పెట్టెనో, ఏ చీటీని ఏ రేవు దాటించెనో, ఆమె యిల్లు ఎన్నిమారులు సోదాపడెనో వ్రాయవచ్చును. అందులకు వలసిన సమాచారము వృద్ధుల నోళ్లయందును, ఇంటి పెద్దలు పిల్లలకు చెప్పిన మాటలయందును కొంత మిగిలియున్నది. మన విద్యార్థులు ఈ గ్రామములకు పోయి, జానపదగేయములను సేకరించునంత శ్రద్ధతో దీనిని సేకరింపవలెను. 1951లో ఇరువదియేండ్లున్నవారికి నేడు తొంబది దాటినవి.